ఆచూకీ లేదు

సర్జన్ వేలు నాలుకకి అద్దుకుని ఫైల్లో కాగితం తిప్పాడు. తిప్పిన చోట తడి మరక పడింది. రికార్డుల క్లర్కు అది చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

ఎనభై ఫైళ్లు. ఎనభై మంది పిల్లలు. అందరికీ పిత్తాశయంలో రాళ్లే, అందరికీ ఆపరేషన్ ఈ ఆసుపత్రిలోనే. నలభై మందికి ల్యాప్రోస్కోపీ చేశారు. పొట్టకి చిన్న చిల్లులు పెట్టి, సన్నటి కడ్డీలు దూర్చి, డాక్టరు చేత్తో చేసేది అది. మిగతా నలభై మందికి రోబో. అవే చిల్లులు, అలాంటి కడ్డీలే. కాకపోతే వాటిని యంత్రం పట్టుకుంటుంది, డాక్టరు దూరంగా కూర్చుని ఆడిస్తాడు. పిల్లలకి రెండింట్లో ఏది మేలో తేల్చే పరిశోధన అని పైకి చెప్పుకుంటున్నారు. సర్జన్ మాత్రం రోబోయే మేలని ముందే తేల్చేసుకున్నాడు. దానికి తగ్గట్టు ఫైళ్లు ఏరడమే ఇప్పుడు మిగిలిన పని.

దుమ్ము కొట్టుకుపోయిన ఆ ఫైళ్లు ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, క్లర్కే నేను చేస్తానని ముందుకొచ్చింది. ఆవిడ ఇక్కడ చేరి ఏడు నెలలైంది. అంతకుముందు బడిలో లెక్కల టీచరు. నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకుని గాలీ వెలుతురూ లేని గదిలో చేరుతున్నావు, మతి పోయిందా అని తోటి టీచర్లు నాలుగు చీవాట్లు పెట్టారు కూడా.

సర్జన్ ఈ ఏడు నెలల్లో ఆవిడ మొహం సరిగా చూసిన పాపాన పోలేదు. ఎవరి మొహమూ చూడడు. ఆయనకి పొట్టలే గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరని వార్డులో నర్సులు నవ్వుకుంటారు.

ల్యాప్రోస్కోపీ కట్టలో ఒక పిల్లవాడికి ఆపరేషన్ అయిన మర్నాడు దగ్గొచ్చింది. దాన్ని ఇబ్బందుల కింద ఎక్కించమన్నాడు. ఇంకో పిల్ల కుట్ల దగ్గర దురదంటే అదీ ఎక్కించమన్నాడు. రోబో కట్టలో ఒకడికి మూడు రోజులు జ్వరం దిగలేదు. ఊరంతా జ్వరాలే కదా, వదిలేయమన్నాడు. యంత్రాన్ని మంచం పక్కకి తెచ్చి అమర్చేందుకు పట్టిన అరగంటని ఆపరేషన్ లెక్కలోంచి తీసేయమన్నాడు. అంతసేపూ పిల్లలు మత్తులోనే ఉన్నారన్న ఊసే లేదు.

క్లర్కు చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తూ పోయింది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి సబ్బుతో చేతులు తోముకుని వచ్చింది.

రోబో కట్టలో ముప్పై ఏడో ఫైలు దగ్గర ఆయన ఆగాడు.

తొమ్మిదేళ్ల ఆడపిల్ల. రోబోతో ఆపరేషన్. నాలుగో రోజున 'బాగుంది' అని రాసి ఇంటికి పంపేశారు. ఆరో రోజున పొట్ట బిగుసుకుపోయి, కళ్లు పచ్చబడి మళ్లీ వచ్చింది. లోపల పిత్తరసం కారుతున్నట్టు అనుమానమని ఎమర్జెన్సీలో ఎవరో జూనియర్ గిలికాడు. సర్జన్ ఊళ్లో లేరు కాబట్టి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అక్కడితో కాగితాలు ఆఖరు.

"ఇది తీసేయండి," అన్నాడు సర్జన్.

"కారణం ఏం రాయమంటారు?"

"తర్వాత చూపించుకోడానికి రాలేదు. ఆచూకీ లేదు."

"ఫోన్ చేశారా సార్?"

"మూడుసార్లు చేశామని రాయండి. మనిషిని పంపితే ఇంటికి తాళం ఉందని కూడా రాయండి." జేబులోంచి పిప్పరమెంటు తీసి బుగ్గన పెట్టుకున్నాడు. "ఇలాంటివాళ్లు అంతేనమ్మా. కనడం వరకే. ఆ తర్వాత పిల్లలు ఏమైపోయినా పట్టదు."

పిప్పరమెంటు చప్పరిస్తున్న చప్పుడుకి ఆవిడ ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. తర్వాత అక్షరం పొల్లుపోకుండా అంతా రాసింది. సర్జన్ గారు చెప్పగా రాసినది అని కింద తేదీ, టైము వేసింది. ఆయన చదవకుండానే సంతకం గీకేశాడు.

పది రోజులకి పరిశోధనల్ని తనిఖీ చేసే కమిటీ కూర్చుంది. సర్జన్ తెర మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తూ అరగంట చెప్పాడు. రోబో చేసిన పిల్లల్లో ఒక్కరికి కూడా ఏ ఇబ్బందీ రాలేదట. అందరూ చప్పట్లు కొట్టారు. బయటినుంచి పిలిపించిన పెద్దాయన ఒక్కడే కొట్టలేదు. ఆయన రిటైరైన పిల్లల డాక్టరు. మొదట్లో నలభై అని చెప్పి చివర్లో ముప్పైతొమ్మిదే చూపించారేమని అడిగాడు.

సర్జన్ మొహం దిగాలుగా పెట్టాడు. ఎంత వెతికారో, ఎన్నిసార్లు ఇంటికి మనిషిని పంపారో చెప్పుకొచ్చాడు. ఆ పిల్ల ఇప్పటికీ తన కళ్లముందు మెదులుతూ ఉంటుందని కూడా అన్నాడు.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ క్లర్కు చేతిలోని కట్టలోంచి ముప్పై ఏడో ఫైలు పైకి తీసి పట్టుకుంది.

పెద్దాయన ఆ ఫైలు అడిగాడు. ఆవిడ తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. సర్జన్ ఆవిడ వంక ఒకసారి చూసి, మళ్లీ తెరవైపు తిరిగాడు.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

"మూడుసార్లు ఫోన్ చేసినట్టు రాసుంది. నిజంగా చేశారా?"

"నాకు ఏ ఫోనూ రాలేదండీ," అంది క్లర్కు.

"మీకు కాదమ్మా. ఆ పిల్ల తల్లికి చేశారా అని అడుగుతున్నాను."

"ఆ పిల్ల తల్లిని నేనేనండీ."