మూడుబాటల నిమ్మకాయ

దేవసహాయం ఇంటికి బయట గొళ్లెం పెట్టేశారు. కిటికీ నిండా శామీర్‌పేట ముఖాలు, కిరసనాయిలు వాసన.

“దిష్టితీసి మూడుబాటల కాడ ఏసిన నిమ్మకాయ తెచ్చి షర్బత్ జేసుకున్నడు! వీడు మంత్రగాడే!”

“బాణామతి ఉత్తదేనని చూపిద్దామని తెచ్చిన. సూడుండ్రి, సగం తాగిన,” అన్నాడు దేవసహాయం.

“మంత్రగానికేమైతది? నీ దోస్తును తాగమను!”

లోపలే చిక్కుకున్న ఆ దోస్తు శాంతయ్య. చర్చి పత్రికలో బాణామతి లేదని దేవసహాయం రాస్తే, ఉందని, అది సైతాను పనేనని నెలనెలా జవాబు రాసేవాడు.

శాంతయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. గ్లాసు ఖాళీ చేశాడు.

అతనికేమీ కాలేదని గంటసేపు చూసి గొళ్లెం తీశారు.

“ఇగనన్న నమ్ముతవా, లేదని?” నవ్వబోయాడు దేవసహాయం.

“ఉన్నదనే నమ్ముత,” అన్నాడు శాంతయ్య, ఇంకా కడుపు పట్టుకునే. “నువ్వు ఏం గాదని తాగినవ్. నేను సస్తననుకొనే తాగిన.”