చిటికెనవేలికి ఎక్స్‌రేనా?

"చిటికెనవేలికి ఎక్స్‌రే తీయించుకుంటావా? రేపు గోరు విరిగితే ఆపరేషన్ అంటావు!"

ఆ మాట అన్నవాడు ఎవరో కాదు, పెద్దాసుపత్రిలో పదిహేనేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నవాడు. అన్నది కట్టుకున్న భార్యని. ఇస్త్రీ పెట్టె జారి ఆమె కుడికాలి మీద పడి అప్పటికి గంటయింది. చిటికెనవేలు వంకాయలా నల్లబడి ఉబ్బిపోయింది.

ఆమె బట్టలు కుట్టే మనిషి. కుట్టుమిషన్ తొక్కేది ఆ కాలితోనే. బళ్ళు తెరిచేలోగా ముప్పై జతల యూనిఫారాలు కుట్టివ్వాలి. అంతకన్నా పెద్ద భయం, వేలు వంకరగా అతుక్కుంటే ఇక జన్మలో మిషన్ తొక్కలేనేమోనని.

"ఎలాగూ పొద్దున్నే అక్కడికే వెళ్తారు కదండీ. నేనూ వస్తాను. ఒక్క ఫొటో తీయండి చాలు."

"అక్కర్లేదన్నానా!"

ఆసుపత్రికొచ్చే జనమంటేనే అతనికి ఒళ్ళుమంట. కాలు బెణికితే వస్తారు. చెయ్యి గుంజితే వస్తారు. చీటీ పట్టుకుని వరసలో నిలబడతారు, లోకంలో ఎముకలు తమకొక్కళ్ళకే ఉన్నట్టు. నల్లటి ఫిల్ము చేతిలో పడితే చాలు, సగం నొప్పి తగ్గిపోయిందంటారు. దాన్ని తలకిందులుగా పట్టుకుని, అంతా అర్థమైనట్టు తలాడిస్తారు. వెర్రిబాగుల జనం! డాక్టర్లేమన్నా తక్కువ తిన్నారా అంటే, అదీ లేదు. రోగి ఒంటిమీద చెయ్యి వెయ్యరు. ఫిల్ము ఏం చెబితే అదే వేదం.

అయితే మనిషి పనిమంతుడే, కాదనకూడదు. గుడ్డలో మంచుముక్కలు మూటకట్టి వేలిమీద పెట్టాడు. వేళ్ళ మధ్య దూది ఇరికించి, చిటికెనవేలిని పక్కవేలికి జతచేసి టేపు చుట్టాడు. కాలు రెండు దిండ్ల మీదికి ఎత్తించాడు. నోరు ఎంత దురుసుగా ఉన్నా, చెయ్యి మాత్రం మెత్తగానే ఆడింది.

"నాలుగు వారాలు ఈ కట్టు విప్పకు. మిషన్ జోలికి పోకు. ఏ డాక్టరైనా ఇంతకన్నా పొడిచేసేదేం లేదు."

సాయంత్రం ఆమె తమ్ముడు వచ్చాడు. ఇళ్ళకి రంగులు వేస్తాడు. అక్క కాలు చూసి అదిరిపడ్డాడు.

"విరిగిందో లేదో చూడకుండా కట్టు కట్టడమేంటి బావా?"

"ముట్టుకుంటే తెలుస్తుంది. విరిగింది. వేల ఎముకలు చూసినవాణ్ణి."

"మూణ్ణెల్ల కింద నా మణికట్టుకి మాత్రం తీశావుగా! డాక్టరు చూసి ఏం విరగలేదన్నాడు. ఇప్పటికీ రంగు బకెట్ ఎత్తలేకపోతున్నాననుకో."

"అది నొప్పి కాదు, బద్ధకం."

అక్క ఊరుకోలేదు.

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ పెరటిచెట్టే నన్ను పనికిరాదంటోంది. ఊళ్ళో అందరి ఎముకలకీ మీ చేతి ఫొటో దక్కింది. నాకే రాసిపెట్టి లేదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి ఎక్స్‌రే గది తలుపు తీసి, "తర్వాతెవరు?" అని అరిచాడు. వరసలో మొదట ఉన్నది భార్యే. తమ్ముడి భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. చేతిలో డాక్టరు రాసిచ్చిన చీటీ.

అతని మొహం మాడిపోయింది.

"ఇంటికి పో," అన్నాడు పళ్ళబిగువున.

"చీటీ ఉందండీ."

వెనక ఇరవైమంది చూస్తున్నారు. బామ్మర్దిని గుమ్మం దగ్గరే ఆపి, ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు. కట్టు విప్పకుండానే కాలు బల్లమీద పెట్టించాడు.

"ఊపిరి బిగబట్టు."

కాలివేలికి ఊపిరితో పనేమిటని ఆమె అడగలేదు. అతను తెర వెనక్కి వెళ్ళాడు. ఏదో టక్కుమంది. కాసేపటికి ఫిల్ము కవర్లో పెట్టి, పైన ఆమె పేరు రాసి చేతికిచ్చాడు.

డాక్టరు ఆవలిస్తూ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"నిక్షేపంగా ఉందమ్మా. విరగడం కాదు కదా, చిన్న బీట కూడా లేదు. ఈ కట్టెవరు కట్టారు? తీసి పారెయ్యండి. ఇవాళ్టినుంచే మిషన్ తొక్కుకోవచ్చు."

బామ్మర్ది ఎక్స్‌రే గది దాకా వచ్చి మరీ నలుగురూ వినేలా చెప్పాడు.

"వేల ఎముకలు చూసినవాడివి, ఇంట్లో ఒక్క వేలు చూడలేకపోయావేంటి బావా!"

వరసంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. గుండెలమీద బరువు దిగినట్టు బెంచీ మీద కూర్చుని టేపు విప్పడం మొదలుపెట్టింది.

"విప్పకు," అన్నాడు అతను.

"డాక్టరుగారు విప్పమన్నారండీ."

"నేను చెప్తున్నా. ఆ వేలు విరిగింది. విప్పకు."

ఆమె తలెత్తి చూసింది. "మీ మాట నమ్మమంటారా, మీరు తీసిన ఫొటో నమ్మమంటారా?"

అతను నోరు తెరిచాడు. వరసలో ఉన్నవాళ్ళంతా చీటీలు పట్టుకుని అతని వైపే చూస్తున్నారు.

నోరు మూసుకున్నాడు.

"తర్వాతెవరు?" అని అరిచాడు.

మణికట్టు పట్టుకుని మూలుగుతూ వచ్చిన ముసలావిడ చేతిని బల్లమీద పెట్టించి, ఊపిరి బిగబట్టమని చెప్పి, తెర వెనక్కి వెళ్ళి, ఎనిమిది నెలల కిందటే పాడైపోయిన ఎక్స్‌రే యంత్రాన్ని టక్కుమని ఓ దెబ్బ కొట్టి, ఆవిడ చేతికి సరిపోయే పాత ఫిల్ము కోసం సొరుగు లాగాడు.