గోరింక అరిచిన గద్ద అరుపు

గద్దొస్తే గంప కింద దూరడం పిల్లలకి నేర్పడానికి నల్లపెట్ట ఇన్నాళ్లూ ముసలి కాకిని పిలిచేది. కాకి గద్దలా ఎటునుంచి మీద పడుతుందో తెలిసేది కాదు. పిల్లలు హడలిపోయేవి, ఈకలూడేవి. పెట్టకి విసుగెత్తిపోయింది.

అంతలో పెరట్లోకి ఒక గోరింక వచ్చి వాలింది.

"నేను గద్దని చూడలేదు గానీ, ఎలా అరవాలో చెప్పక్కా, అచ్చం అలాగే అరుస్తాను. పిల్లల ఒంటిమీద గీత పడదు," అంది.

పెట్ట నేర్పింది. కాకిని ఇక రావద్దంది.

"గద్ద నీకు చెప్పి రాదే," అని గొణుక్కుంటూ కాకి ఎగిరిపోయింది.

రోజూ గోరింక అరిచేది, పిల్లలన్నీ గంప కిందికి ఉరికేవి. అందరికంటే ముందు బుల్లి పసుపుది దూరేది. పెట్ట పొరుగు పెట్టలకి చెప్పుకుని మురిసిపోయింది.

ఒకనాడు గద్ద వచ్చింది. అది అరవలేదు. నేలమీద నీడ పాకుతుంటే పిల్లలన్నీ అరుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాయి. పసుపుది అందరికంటే ముందు నిలబడింది.

గద్ద వెళ్లిపోయాక చూస్తే పసుపుది లేదు. పెట్ట గోరింక వైపు తిరిగింది.

"గద్ద అరుస్తుందని చెప్పింది నువ్వే కదక్కా," అంది గోరింక.