పదకొండు పేర్లు

పదకొండో పేరు చదివి పాస్టరుగారు కళ్లు మూసుకోబోతుండగా వెనక బెంచీలోంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు.

"ఆపండయ్యా. ఆ పేర్లల్లో ఒకడు బతికి లేడు. నా చేతుల్తో నేనే మట్టి చేసినా."

కర్నూలు చర్చిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. అది 1944. ఆ సంఘం పిల్లలు పదకొండు మంది యుద్ధంలో ఉన్నారు. ప్రతి ఆదివారం వాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. బతికున్నవాళ్లకే ఆ ప్రార్థన. పోయినవాడు దేవుడి దగ్గరికి చేరినట్టే కాబట్టి, వాడి పేరు కొట్టేస్తారు.

లేచిన మనిషి ఏసేపు, పటాలంలో సుబేదారు. బర్మా సరిహద్దులో ఒక కాలు పోగొట్టుకుని, చంకలో కర్రతో ఆ పొద్దున్నే రైలు దిగాడు.

"చచ్చినోని కోసరం ప్రార్థన చేస్తాండారు. సర్కారు దాస్తాండాది. వాళ్లమ్మ ఎవరో ఏమో నాకు తెలీదు. వాని పేరు మాత్రం..."

"చెప్పొద్దు!"

అరిచినవాడు లేవి, జిల్లా యుద్ధ కమిటీకి పత్రికా కార్యదర్శి. చర్చికి ఆ పేర్లు రాసి పంపేది ఆయనే. పటాలం తోక ముడిచి వెనక్కి వస్తే 'కొత్త స్థానాలకు చేరింది' అని రాయగల ఘటికుడు. మూడేళ్లుగా పత్రికలకు పంపిన ప్రకటనల్లో చావు అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. ఊళ్లో ఆయన్ని సర్కారు నోరు అంటారు.

"యుద్ధకాలపు చట్టం ఉంది. పేరు బయటపెడితే జైలు," అన్నాడు లేవి. ఉద్యోగం పోతుందన్న భయంతో అరిచాడని అందరూ అనుకున్నారు. పాస్టరుగారు దిగివచ్చి, సాయంత్రం దాకా ఆగమని ఏసేపును బతిమాలి కూర్చోబెట్టారు.

ఆదివారమైనా లేవి ఇంటికి పోలేదు. ఆఫీసుకు పోయి, సొరుగు తాళం సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అంతలో ప్రేమమ్మ వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"నా బిడ్డ కాదని ఒక్క మాట చెప్పు నాయనా. నీ కాళ్లు మొక్కుతా."

ఆమె కొడుకు క్షేమంగానే ఉన్నాడు. ఆ సంగతి లేవికి తెలుసు. కానీ ఈమెకు చెబితే రేపు ఇంకొకరికి చెప్పాలి. పదిమందికి కాదని చెబితే పదకొండో తల్లికి చెప్పినట్టే కదా.

"నాకేమీ తెలీదమ్మా," అన్నాడు.

"నీకేమప్పా! నీకన్నీ ముందే తెలుస్తాయి. నిబ్బరంగా ఉండావు. మా గతేంది?" అని కన్నీళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లేవి స్టేషను పక్క సత్రానికి వెళ్లాడు. ఏసేపు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా సెక్రెటరీ, నా నోరు మూసేకి వచ్చినావా?"

లేవి నోటు పుస్తకం తీసి పెన్సిలు పట్టుకున్నాడు. "ఎట్ల పోయినాడు?"

"జ్వరం. మూడు దినాలు. మందు రాల్యా. సర్కారోళ్లు పంపింటే బతికేటోడు. ఆ మాట ఏ దొర ముందరైనా చెప్తా, నాకేం బయం?"

"శానా బాధ పడినాడా?"

ఏసేపు వింతగా చూశాడు. "అది గూడా రాస్తారా?"

"నివేదికకు కావాల."

"లేదు. నిద్రలోనే పోయినాడు. వాళ్లమ్మ పంపిన శెనిక్కాయల పొడి డబ్బా పక్కన పెట్టుకోని. పొడి ముందే పటాలమంతా పంచినాడులే. ఖాళీ డబ్బా."

నోటు పుస్తకంలో ఒక్క అక్షరం కూడా పడలేదు.

"ఇంటికి తంతి వచ్చి నెల దాటింటాది," అన్నాడు ఏసేపు. "ఆ తల్లికి ఇంగా తెలీదంటే ఎవడో దాన్ని తొక్కిపెట్టినాడు. వాడు మనిషేనా?"

"కాదు," అన్నాడు లేవి.

"మరి? పదకొండు మంది తల్లులు ఈ పొద్దు ముద్ద ముట్టలేదు. పేరు చెప్తే పదిమంది తింటారు."

"ఆ ఒక్కామె?"

"ఏడుస్తాది. ఏడవనీ. కన్నబిడ్డ కోసరం ఏడ్చేకి గూడా మీ చట్టం ఒప్పుకోదా?"

లేవి పుస్తకం మూశాడు. ఆయనకు బెదిరించే ఓపిక లేకపోయింది. ఏసేపు గొంతు కాస్త తగ్గించాడు.

"సాయంత్రం ప్రార్థనలో పేరు చెప్తా. జైల్లో పెట్టుకో, పో. అంతలోపల నువ్వే ఆయమ్మ దగ్గరికి పోయి చెప్పు. అంతమంది ముందర వినేదాని కంటే అది నయం."

లేవి ఇల్లు చేరేసరికి చర్చిలో మొదటి గంట కొడుతున్నారు. ఆయన లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య కృపమణి మంచినీళ్లు ఇచ్చి, చెంగుతో ఆయన ముఖం తుడిచింది.

"అన్నం తినకుండా యాడ తిరిగినారు? ప్రేమమ్మ ఈడికి వచ్చి ఒకటే ఏడుపు. పోయింది ఎవరి బిడ్డో మీకు తెలుసు. నాకు చెప్పొద్దులేండి, ఆయమ్మకు చెప్పండి."

"ఎట్ల చెప్పాల కృపా?"

"మీరు పేరు చదివించినారని, మీ మాట నమ్ముకోని నిమ్మళంగా కూచోనింటాది పాపం. ఉద్యోగం పోతే పోనీ. పదండి, నేనూ వస్తా. అట్లాంటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాల."

ఆమె బైబిలు చేతికి తీసుకుంది. రెండో గంట మోగింది.

"ఎవరిల్లు? దూరమైతే జట్కా పిలిపిద్దామా?"

ఆ తల్లి దగ్గరికి పోవడానికి లేవి గడప కూడా దాటవలసిన పని లేదు.