ముడతల కాగితం

"ఏవండీ, అది అమ్మకానికి పెట్టిన ఫ్రేము. అలా తడమకండి, పాలిష్ పోతుంది!"

ఫ్రేములాయన చెప్పి చెప్పి అలిసిపోయాడు.

నల్లకళ్లజోడు పెద్దాయన చెయ్యి తీయలేదు.

"చూస్తున్నానండీ."

చేతిలో తెల్లకర్ర కనబడుతూనే ఉంది. చూపు లేని మనిషికి పటాలు కట్టే షాపులో ఏం పనో ఫ్రేములాయనకు అర్థం కాలేదు.

అసలే ఆయన ప్రాణం విసిగి ఉంది. పొద్దున్నే పెద్ద అద్దం ఒకటి పగిలింది. ఇంట్లో గొడవ అంతకంటే పెద్దది. జబ్బు చేసి కూతురికి చూపు పోయింది. చేతికి తగిలితే ఏడుస్తుందని దాని రంగులూ కుంచెలూ ఆయనే తీసి పారేశాడు. ఆ రోజు నుంచి పిల్ల తండ్రితో మాట మానేసింది. తల్లి ఏవో క్లాసులకు తిప్పుతోంది గానీ, అదీ దండగే అని ఆయన విసుగు. "నాన్నా" అన్న పిలుపు కోసం మాత్రం మొహం వాచి ఉన్నాడు.

పెద్దాయన సంచిలోంచి దళసరి తెల్లకాగితం తీశాడు.

"దీన్ని పటం కట్టాలి. అద్దం వద్దు."

"అద్దం లేకపోతే దుమ్ము పడుతుందండీ."

"పడితే తుడుచుకుంటారు. అద్దం వేస్తే ఇంకేం కనిపిస్తుంది?"

అద్దం వేస్తే కనిపించదట! ఫ్రేములాయన తల పట్టుకున్నాడు.

కాగితం అటూ ఇటూ తిప్పాడు. రంగు లేదు, రూపం లేదు. అన్నీ ముడతలే.

"ఇందులో ఏముందండీ?"

"బొమ్మ. చేత్తో చూడండి, ఎవరో తెలుస్తుంది." పెద్దాయన ముసిముసిగా నవ్వాడు.

"నాకు బోలెడు పనుంది. సాయంత్రం రండి."

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు. "జాగ్రత్తండీ" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఫ్రేములాయన కోపిష్టే గానీ పనిదొంగ కాదు. నలిగిన కాగితానికి ఫ్రేము కడితే చెడ్డపేరు తనకే. నీళ్లు చిలకరించి, పైన గుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా రుద్దాడు. ఒక్క ముడత మిగల్లేదు.

సాయంత్రం పెద్దాయన ఫ్రేము ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఆడించాడు. పైనుంచి కిందికి, మళ్లీ కిందనుంచి పైకి.

"ఇది నేనిచ్చిన కాగితం కాదండీ."

"అదేనండి బాబూ! ముడతలుంటే ఇస్త్రీ చేశాను. అద్దం కూడా వెయ్యలేదు. ఇంకా ఏం చెయ్యమంటారు?"

పెద్దాయన వేళ్లు ఆగిపోయాయి.

"అవి ముడతలు కావండీ, గీతలు. వెనకనుంచి పుల్లతో నొక్కి గీసినవి. మాలాంటివాళ్లం బొమ్మలు అలాగే వేస్తాం, అలాగే చూస్తాం."

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అనేసి ఫ్రేములాయన నాలిక్కరుచుకున్నాడు. "పోనీ, ఇంకోటి గీయించండి. ఊరికే కట్టిస్తాను."

"గీయించడమే కష్టం." పెద్దాయన మెల్లగా లేచాడు. "చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. తప్పు నాదేలెండి."

ఎవరు మాట తీసుకున్నారో అడిగేలోపు, ఫ్రేము బల్లమీదే వదిలేసి, కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దున లేచి ఎవరి మొహం చూశానో అని గొణుక్కుంటూ ఫ్రేములాయన షాపు మూసి ఇల్లు చేరాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే, పిల్ల గోడ పట్టుకుని గబగబా ఎదురొచ్చింది.

"నాన్నా, మా బొమ్మల మాస్టారు నేను గీసిన నీ బొమ్మ తెచ్చారా? ముక్కు అచ్చం నీలాగే వచ్చిందా?"