గంట మోగించిన చెయ్యి

“మళ్లీ వెనక్కి తిప్పండి,” అంది కురలాయ్.

డైరెక్టర్ సాగిన్దిక్ హుషారుగా తిప్పాడు. తెర మీద ఒక బట్టతల మనిషి శీతల గదుల వరండాలోకి వచ్చాడు. ఆగాడు. అటూ ఇటూ చూశాడు. గోడకున్న ప్రమాద గంట ఎర్ర మీట లాగాడు. మరుక్షణం తెల్లకోట్ల ఆడవాళ్లు కత్తులు బల్లల మీద పడేసి బయటికి పరుగు తీశారు.

“మా దోసిమ్ లీల! అందర్నీ మంచులో నిలబెడతాడు. తనొక్కడే లోపల ఉంటాడు. కాసేపటికి వచ్చి, ‘ఇక పదండి’ అంటాడు. అప్పుడు మన యంత్రం ఏమంటోందో చూడండి.”

పక్క తెరలో అన్నీ పచ్చ దీపాలే. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా వాయువు లీకైన జాడ ఎక్కడా లేదు.

సారితాస్ మాంసం ఫ్యాక్టరీలో కంప్యూటర్లు ఆగినా, గేటు దగ్గర గొడవైనా, ఎవరి వేలు తెగినా ముందు పరిగెత్తాల్సింది దోసిమే. ఆయన ఊరికే ప్రమాద గంట కొడుతున్నాడని కరగండలోని తనిఖీ ఆఫీసుకు ఎవరో ఫోన్ చేశారు. అందుకే కురలాయ్ వచ్చింది. అంతకుముందు యంత్రాలు చూస్తామని వచ్చిన ఇద్దరు తనిఖీదార్లను సాగిన్దిక్ ఈ గేటు దాటనివ్వలేదు. ఈసారి ఫిర్యాదు దోసిమ్ మీద కాబట్టి తనే ఎదురొచ్చి, పాలు పోసిన టీ, నూనెలో వేయించిన వేడి బౌర్సాకులు పెట్టించాడు.

కురలాయ్‌ది కూడా దోసిమ్ లాంటి వృత్తే. మొదట బ్యాంకులో కంప్యూటర్లు మొరాయిస్తే చూసేది, తర్వాత భద్రతలో చేరింది, ఇప్పుడు కార్మికుల ప్రమాదాల విచారణ. ఏ పనిలో ఉన్నా ఆమె నేర్చుకున్నది ఒకటే: ప్రతి ప్రమాదానికీ అందరికంటే ముందు చేరే మనిషిని ముందు అనుమానించాలి.

దోసిమ్‌ను పిలిపించింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఆగా, గంట ఎందుకు కొట్టారు?” పెద్దవాళ్లను పిలిచే మర్యాదతోనే అడిగింది.

“కొట్టాల్సి వచ్చింది.”

“యంత్రం పచ్చగా ఉంది కదా?”

“పచ్చగానే ఉంటుంది.”

“అందర్నీ పంపేసి లోపల ఒక్కరే ఏం చేశారు?”

“పని.”

“ఏం పని?”

“నువ్వే కనుక్కో అమ్మాయ్. జీతం నీకిచ్చేది అందుకేగా?”

ఆమెకు ఒళ్లు మండింది. ఇలాంటివాళ్లను ఆమె చూడకపోలేదు. తనే నిప్పు పెట్టి, తనే ఆర్పి, శభాష్ అనిపించుకునే కాపలాదారు ఒకడు ఇదివరకు తన చేతికే దొరికాడు. పైగా దోసిమ్‌ను ఈ వసంతంలో ఇంటికి పంపే ఆలోచన ఉందని సాగిన్దిక్ చెప్పనే చెప్పాడు. ఇక కారణం వెతకాల్సిన పనేముంది?

“ఇంకా చూస్తారేంటి, రాసెయ్యండి,” అన్నాడు సాగిన్దిక్.

“రేపు కోర్టులో యంత్రమే తప్పు చెప్పిందంటాడు. యంత్రం సరిగ్గా ఉందని ముందు నేను రుజువు చెయ్యాలి.”

“చెయ్యండి! నాకేం భయం? ఆ వాసన పట్టే డబ్బాలు పాడయ్యాయని వీడు ఎప్పట్నుంచో నా చెవిలో జోరీగలా పోరుతున్నాడు. కొత్తవి కొనిపించి మధ్యలో నాలుగు రాళ్లు వెనకేసుకుందామని!”

మర్నాడు పొద్దున్నే పనివాళ్లు రాకముందే కురలాయ్ అమ్మోనియా నీళ్లలో దూది ముంచి, మొదటి గదిలో వాయువును పసిగట్టే డబ్బా దగ్గర పెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెర చూసింది. పచ్చ. రెండో గది. పచ్చ. ఆఖరి గదిలో దూదిని డబ్బాకే ఆనించింది.

పచ్చ.

వెంట వచ్చిన సాగిన్దిక్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “అయితే ఆ గంటలన్నీ...”

“నిజమైనవే,” అన్నాడు దోసిమ్ గుమ్మంలోంచి. “పైపులు పాతవి. ముక్కుకు ఘాటు తగలగానే అందర్నీ బయటికి తోలి జాయింట్లు బిగించేవాణ్ణి. నేను లేని రోజు ఎవరు పసిగడతారో అని నాకు నిద్ర పట్టేది కాదు.”

“మరి నిన్న నాతో ఎందుకు చెప్పలేదు, ఆగా?”

“చెబితే నన్ను తిట్టి, నా మాటలు రాసుకుని వెళ్లిపోయేదానివి. యంత్రం జోలికి వచ్చేదానివా?”

కురలాయ్ సంచిలోంచి సీళ్లు తీసింది. మధ్యాహ్నానికల్లా శీతల గదులకు సీలు పడింది. పైపులూ డబ్బాలూ మార్చేదాకా తియ్యడానికి వీల్లేదని కురలాయ్ సంతకం పెట్టింది. గేటు బయట ఆడవాళ్లు దోసిమ్ చుట్టూ మూగారు. “ఊరికే వణికిస్తున్నావని ఎన్ని తిట్లు తిట్టామో ఆగా!” అని ఒకామె ముక్కు చీదింది.

తిరుగు దారిలో కురలాయ్‌కి మనసు మనసులో లేదు. ఇంతమంది ప్రాణాలు కాచిన మనిషిని జైలుకు పంపాలని చూసిందెవరు? ఆఫీసులో అడుగుపెట్టగానే ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే గుల్షాత్ దగ్గరికి నేరుగా వెళ్లింది.

“సారితాస్ ఫోన్ వినిపించు. వాడెవడో తేల్చందే నాకు ముద్ద దిగదు.”

“పేరు చెప్పలేదక్కా. కానీ భలే కసిగా మాట్లాడాడు,” అంటూ గుల్షాత్ మీట నొక్కింది.

“దోసిమ్ అని ఒక దొంగముండావాడున్నాడు, వాణ్ణి వదలొద్దు. కానీ ఆ యంత్రాన్ని మాత్రం పరీక్ష చెయ్యకుండా రాయకండి, తప్పించుకుంటాడు!”

ఆ గొంతు దోసిమ్‌ది.