నలభై ఏడు మీటర్లు

"నలభై ఒకటి అని రాయమ్మాయ్," అన్నాడు మా ఉజ్బెక్ ఇంజనీరు.

నేను బోరులోంచి లాగిన టేపు మీద పూసిన సుద్ద నలభై ఏడో మీటరు దగ్గర తడిసి ఉంది. ఏడాదిలో నీళ్లు ఆరు మీటర్లు దిగిపోయాయి. మా ఊరి చేతిపంపులు గాలి కక్కుతున్నాయి. నేను మాత్రం అబద్ధం రాయాలట.

"తగ్గిందని ఒప్పుకుంటే ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ పెద్ద మోటార్లు ఆపాలి. మన పత్తి ఏం కాను? అసలు దొంగలు కంచె అవతలి ఆ కజక్కులు. కిందనుంచి మన నీళ్లు లాగేస్తున్నారు."

"అయితే కిందికి దిగి అక్కడా కంచె కట్టి రండి సార్!"

సరిహద్దు ముళ్లకంచె అవతల, ముప్పై అడుగుల దూరంలో, నాలాగే కొలతలు తీసే కజక్ అమ్మాయి బోతాగోజ్ వాళ్ల బోరు కొలిచి టేపు చుడుతోంది. పక్కనే వాళ్ల ఇంజనీరు నిలబడ్డాడు. నేను గొంతు చించుకుని అరిచాను.

"బోతాగోజ్! మాది నలభై ఏడు! మీదెంత?"

"నోర్ముయ్! ఉద్యోగం ఊడుతుంది!" అన్నాడు మావాడు.

"ఊడనీండి!"

బోతాగోజ్ తన ఇంజనీరును ఎగాదిగా చూసి, నాకంటే గట్టిగా అరిచింది.

"మాదీ నలభై ఏడేనే! ఈయన నాచేత ముప్పై తొమ్మిది రాయించాడు!"

మా ఇంజనీరు నన్ను వదిలేసి కంచె దగ్గరికి పరిగెత్తాడు.

"ముప్పై తొమ్మిదేంట్రా? ఇద్దరం నలభై ఒకటే వేద్దామనుకున్నాం కదా!"